పాదలేపనం కరిగిన తర్వాత: మంచుకొండలకు సామాన్యుని దారి

తెలుగు సాహిత్యంలో హిమాలయాలకు వెళ్ళిన ప్రసిద్ధ యాత్రికుడు ప్రవరుడు. పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో అరుణాస్పదపురవాసి అయిన ఈ గృహస్థుడు, ఒక సిద్ధుడు అనుగ్రహించిన పాదలేపనం మహిమతో క్షణాల్లో మంచుకొండ చేరుకుంటాడు. ఖర్చు లేదు, శ్రమ లేదు, శిక్షణ అవసరం లేదు. అయితే ఆ పసరు కాస్తా మంచునీటికి కరిగిపోతుంది. వెళ్ళినంత సులువుగా తిరిగి రాలేక ప్రవరుడు అక్కడే చిక్కుపడిపోతాడు. ఆ తర్వాతి కథ తెలుగు పాఠకులకు సుపరిచితమే. పర్వతారోహణ దృష్టితో చూసినప్పుడు ఈ ఘట్టం ఒక గట్టి హెచ్చరికగా కనిపిస్తుంది. అరువు తెచ్చుకున్న మహిమ మనిషిని మంచు దాకా తీసుకుపోగలదు. తిరిగి ఇంటికి చేర్చేది మాత్రం తాను స్వయంగా నేర్చుకున్న విద్యే.

ఈ విద్య సామాన్యునికి ఎలా దక్కింది, ఎంత ఖర్చుతో దక్కింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ నగరానికి ఉత్తరాన, ఉర్లా పారిశ్రామిక వాడను ఆనుకొని బీర్‌గావ్ పట్టణం ఉన్నది. ఇనుము కరిగించే కొలుములు, ఉక్కు కడ్డీలు సాగదీసే మిల్లులు, మూడు షిఫ్టుల పనివేళలు ఇక్కడి జీవనానికి లయ. రాయపూర్, భిలాయి పరిసరాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. రైల్వే కొలువుల కోసం కొందరు, 1959లో తొలి కొలిమి వెలిగించిన భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని మరికొందరు ఇటు వచ్చారు. ఈ నేల సముద్రమట్టానికి సుమారు మూడువందల మీటర్ల ఎత్తులో ఉన్న మైదానం. ఉత్తరకాశీ మంచుకొండలు ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఇటువంటి ఊరిలో పుట్టిన ఒక కార్మికుని బిడ్డ, నేను మంచుగోడ ఎక్కుతానంటే ఇంట్లో వినిపించే మొదటి మాట ఒక్కటే: అది మన స్తోమతకు తగిన పనేనా?

ఆ ప్రశ్న న్యాయమైనదే. మంచుగొడ్డలి, బూటు అడుగున బిగించే ఇనుపముళ్ళ చట్రమైన క్రాంపాన్లు, ప్రత్యేకమైన బూట్లు, తాళ్ళు, చలిదుస్తులు అన్నీ కొనాలంటే ఒక సామాన్య కుటుంబం నెలల తరబడి సంపాదన వెచ్చించవలసి వస్తుంది. నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కదలచిన విదేశీయుడు కేవలం అనుమతి కోసమే 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు చెల్లించవలసి ఉన్నది. అంతకు ముందు ఆ రుసుము 11,000 డాలర్లు. ఈ లెక్కలు చూసి, మంచుకొండ ధనవంతుల క్రీడాస్థలమని నిర్ణయించుకోవడం సహజం. కాని చరిత్ర చెప్పే సంగతి వేరుగా ఉన్నది.

కార్మికుల కొండలు

పర్వతారోహణ క్రీడగా ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో రూపుదిద్దుకున్నది. 1786లో మోఁ బ్లాఁ శిఖరంపై తొలిసారి మానవుడు కాలు మోపాడు. ఆ తర్వాత దాదాపు ఒక శతాబ్దం పాటు ఆ కొండలు తీరిక, సంపద ఉన్నవారికే పరిమితమయ్యాయి. వారు స్థానిక మార్గదర్శకులను కూలికి నియమించుకునేవారు. మెట్లు నరికేది మార్గదర్శకుడు, కీర్తి పొందేది దొర.

ఈ స్థితిని మార్చిన వారిలో ఒక రైల్వే ఇంజనీరూ ఒక కమ్మరీ ఉండడం ఇక్కడ గమనార్హం. ఆస్కర్ ఎకెన్‌స్టైన్ అనే రైల్వే ఇంజనీరు 1908 ప్రాంతంలో పది ముళ్ళ క్రాంపాన్లకు రూపకల్పన చేశాడు. ఇటలీలోని కూర్మాయేర్ గ్రామంలో వ్యవసాయ పనిముట్లు చేసే కమ్మరి వంశానికి చెందిన హెన్రీ గ్రివెల్ వాటిని తయారుచేశాడు. 1929లో లారెంట్ గ్రివెల్ ముందువైపు మరి రెండు ముళ్ళు చేర్చడంతో నిట్టనిలువు మంచుపై మెట్లు నరకకుండానే ఎక్కే వీలు కలిగింది. నాగళ్ళు చేసే కొలిమిలోనే మంచుకొండకు తాళంచెవి తయారయిందన్నమాట. ఇనుముతో నిత్యం పనిచేసే బీర్‌గావ్ పాఠకులకు ఈ సంగతి సంతోషం కలిగించక మానదు.

పనిముట్టు తయారయిన తర్వాత కార్మికులు, పేద విద్యార్థులు రంగప్రవేశం చేశారు. 1931లో మ్యూనిక్‌కు చెందిన ఫ్రాంజ్ ష్మిడ్, టోనీ ష్మిడ్ సోదరులు రైలు ఛార్జీలకు కొరత పడి సైకిళ్ళపై స్విట్జర్లాండు చేరి, అప్పటివరకు ఎవరూ ఎక్కని మాటర్‌హార్న్ ఉత్తర ముఖాన్ని అధిరోహించారు. అనంతరం మళ్ళీ సైకిళ్ళపైనే ఇంటికి మరలారు. ఇంగ్లండులో మాంచెస్టరుకు చెందిన జో బ్రౌన్ పేద కుటుంబంలో పుట్టి నీటిగొట్టాల పని నేర్చిన యువకుడు. తల్లి పారవేసిన బట్టలారేసే తాడుతో రాళ్ళెక్కడం మొదలుపెట్టిన ఆయన, 1955 మే 25న ప్రపంచంలో మూడవ ఎత్తైన శిఖరం కాంచనజంగను జార్జి బాండ్‌తో కలిసి తొలిసారి అధిరోహించాడు. ఇక్కడి వారి నమ్మకాన్ని గౌరవించి ఆ ఇద్దరూ కొన అంచున కాలు మోపకుండా ఆగిపోయారు.

ఈ చరిత్రలో ఒక వరుస కనిపిస్తుంది. పేదవాడు మొదట ఊరి పక్కనున్న రాతిపై నేర్చుకున్నాడు. పనిముట్లను తోటివారితో పంచుకున్నాడు. సంపన్నుల వలె పెద్ద బృందాలను, కూలీలను నియమించలేక, ఇద్దరు ముగ్గురుగా తమ సామాను తామే మోసుకుంటూ వేగంగా ఎక్కి వేగంగా దిగడం అలవరచుకున్నాడు. ఆల్పైన్ పద్ధతిగా ప్రసిద్ధమైన విధానానికి ఇదే ప్రాణం. 1975లో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హబెలర్ ఇద్దరే కలిసి కారకోరంలోని గషర్‌బ్రూమ్-1 శిఖరాన్ని ఈ పద్ధతిలో ఎక్కి, ఎనిమిదివేల మీటర్ల కొండలకు కూడా ఇది వర్తిస్తుందని నిరూపించారు. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ. అయితే తగ్గిన ప్రతి రూపాయికీ బదులుగా అధిక నైపుణ్యాన్ని చెల్లించవలసి ఉంటుంది.

ప్రజాధనంతో నడిచిన బడి

మన దేశంలో ఈ విద్య మరొక మార్గంలో ప్రజలకు చేరింది. 1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కారు. సామాను మోసే కూలీగా జీవితం ప్రారంభించిన టెన్సింగ్ విజయాన్ని ఒక రోజు పండుగగా ముగించక, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పూనికతో 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థను నెలకొల్పారు. మేజర్ నరేంద్ర ధర్ జయాల్ తొలి అధిపతి. టెన్సింగ్ క్షేత్రశిక్షణకు తొలి సంచాలకుడు. కూలీగా కొండెక్కిన మనిషి గురువుగా దేశంలోని యువతకు పాఠం చెప్పడం స్వతంత్ర భారత చరిత్రలో చిన్న విషయం కాదు. తదనంతరం మనాలీలోనూ, 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ పేరిటనూ ఇటువంటి సంస్థలు వెలిశాయి.

ఈ సంస్థల ప్రాథమిక శిక్షణ దాదాపు నాలుగు వారాలు. రుసుములో భోజనం, వసతి, శిక్షణ కలిసి ఉంటాయి. మంచుగొడ్డలి మొదలు నిద్రసంచి వరకు ప్రధానమైన పనిముట్లను సంస్థే వాడుకకు ఇస్తుంది. ఒక్కొక్కరు విడిగా కొనవలసిన సరంజామా విలువతో పోల్చినప్పుడు ఈ రుసుము స్వల్పం. ప్రభుత్వం మిగిలిన భారం వహించడమే దీనికి కారణం. జాతీయ కేడెట్ దళం, అంటే ఎన్.సి.సి., విద్యార్థులకు ఈ సంస్థల్లో కేటాయింపు ఉన్నది. ఆ మార్గంలో ఎంపికైన విద్యార్థికి ఖర్చు మరింత తగ్గుతుంది.

మొదటి దినాల్లో విద్యార్థి చేతికి మంచు ఇవ్వరు. ముడులు వేయడం, తాడు పట్టడం, జారినవానిని నిలపడం, రాతిపై ఎక్కి దిగడం నేర్పుతారు. తర్వాత బరువు మోస్తూ హిమానీనదం చేరుస్తారు. క్రాంపాన్లతో నడక, గొడ్డలితో మెట్లు నరకడం, జారినప్పుడు గొడ్డలి మొనను మంచులో దించి తనను తాను ఆపుకోవడం, మంచు పగులులో పడినవానిని పైకి లాగడం అక్కడి పాఠాలు. ఎత్తుకు శరీరం అలవాటు పడేలా నెమ్మదిగా ఎక్కడం అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. ప్రాథమిక శిక్షణలో ఉత్తమ శ్రేణి సాధించినవారికే ఉన్నత శిక్షణలో ప్రవేశం లభిస్తుంది. ఇక్కడ ధనం కంటే శ్రేణి విలువైనది.

తెలుగువారి మూడు తరాలు

కొండ ఎక్కడం తెలుగువారికి కొత్త కాదు. తిరుమల మెట్లు మోకాళ్ళపై ఎక్కిన తల్లులు మనలో ఎందరో. కాని మంచుకొండ వేరు. ఆ దారిలో తెలుగువారి ప్రస్థానాన్ని మూడు జీవితాల ద్వారా అర్థం చేసుకోవచ్చు.

విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాల పూర్వవిద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయ భాస్కరరావు 1985లో భారత సైన్యం జరిపిన ఎవరెస్టు యాత్రలో పాల్గొన్నారు. ఆ యాత్రలో అసువులు బాసిన ఐదుగురు అధికారులలో ఆయన ఒకరు. పాఠశాల ఆయన స్మృతికి విగ్రహం నిలిపింది.

ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగిన విద్యార్థి మల్లి మస్తాన్‌బాబు. 1974లో నెల్లూరు జిల్లా గాంధీజనసంగం గ్రామంలో సామాన్య కుటుంబంలో జన్మించారు. సైనిక పాఠశాల తర్వాత జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తాలలోని ఉన్నత విద్యాసంస్థలలో చదువుకున్నారు. ఉద్యోగం వదలి కొండలనే జీవితంగా ఎంచుకున్నారు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో ప్రారంభించి, జులై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించి, ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజులలో అధిరోహించారు. వారంలోని ఏడు రోజులలో ఒక్కొక్క రోజున ఒక్కొక్క శిఖరం చేరడం ఆ యాత్రలోని విశేషం. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో భౌతికకాయం లభించింది. స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి. ఒక పాఠశాల ఆవరణలోని విగ్రహం ఒక బాలుడికి దారి చూపడమూ, ఆ దారి కూడా మరణం దాకా సాగడమూ తలచుకున్నప్పుడు గర్వం, దుఃఖం రెండూ కలుగుతాయి.

మూడవ ఘట్టం భువనగిరి కోటలో ప్రారంభమవుతుంది. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని బిరుదైన త్రిభువనమల్ల నామంతో వెలసిన ఈ కోట ఒకే ఏకశిలపై నిలిచి ఉన్నది. ఆ శిలపైనే, 2007లో ఎవరెస్టు అధిరోహించిన శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షణలో, సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు రాళ్ళెక్కడం నేర్చుకున్నారు. ఆ గురుకులాల సంస్థకు అప్పటి కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్. తొలుత వందమందికి పైగా పిల్లలు. వారిలో ఎంపికైనవారు డార్జిలింగ్ సంస్థకు వెళ్ళి మంచుపై శిక్షణ పొందారు. ఆ తర్వాత మరింత చిన్న జట్టు లడఖ్ శీతకాలాన్ని చవిచూసింది. చివరకు ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన వ్యవసాయ కూలీల కుమార్తె మాలావత్ పూర్ణ ఒకరు. ఖమ్మం జిల్లాకు చెందిన సైకిల్ మరమ్మతు పనివాని కుమారుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ మరొకరు.

నేపాల్‌లో పదహారేళ్ళ వయోపరిమితి ఉండడంతో టిబెట్ వైపు నుంచి ఎక్కి, 2014 మే 25న వీరిరువురూ ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. జో బ్రౌన్ కాంచనజంగ చేరినదీ మే 25వ తేదీనే. మరి ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2022లో డెనాలీ అధిరోహణతో పూర్ణ కూడా ఏడు ఖండాల శిఖరాలను పూర్తిచేసింది.

ఈ మూడు జీవితాలకు పునాది ఒక్కటే. సైన్యం, సైనిక పాఠశాల, గురుకులం. ఎవరికీ సొంత సొమ్ముతో తొలి అడుగు పడలేదు. ప్రజలు పన్నుల రూపంలో ఇచ్చిన ధనం బడిగా, తాడుగా, గురువుగా మారి వారి చేతికి అందింది.

పొదుపు ఎక్కడ, పొదుపు కూడనిది ఎక్కడ

ఈ చరిత్ర నుంచి నేటి యువత గ్రహించవలసిన ఆచరణ సూత్రాలు కొన్ని ఉన్నాయి.

మొదటి ఏడాది ఏదీ కొననవసరం లేదు. బరువు సంచితో మెట్లెక్కడం, పరుగు, నడక కాళ్ళకూ ఊపిరికీ కావలసిన బలాన్నిస్తాయి. రాయపూర్ ప్రాంతం వారికి రైలు మార్గంలోనే ఉన్న డోంగర్‌గఢ్ కొండ వెయ్యికి పైగా మెట్లతో అందుబాటులో ఉన్నది. తర్వాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రాతిపై అభ్యాసం, ఆ తర్వాత ప్రభుత్వ సంస్థలో ప్రాథమిక శిక్షణ. శిక్షణ పొందిన తర్వాతే పనిముట్ల గురించి ఆలోచించాలి. అప్పటికి ఏది అవసరమో, ఏది దుకాణదారుని మాటో వేరు చేసే వివేకం అలవడుతుంది.

ఉన్ని దుస్తులు, సంచులు, గుడారం, వంట సామగ్రి వాడినవి కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా నష్టం లేదు. నలుగురు మిత్రులు కలిసి మంచుగొడ్డళ్ళు, వంటపొయ్యి సమకూర్చుకోవచ్చు. అయితే తాడు, నడుముకు కట్టే హార్నెస్, హెల్మెట్ విషయంలో వాడినవాటిని ఎంతమాత్రం నమ్మరాదు. తాడు పైకి కొత్తగా కనిపించినా లోపలి పోగులు ఎండకు, దెబ్బలకు క్షీణించి ఉండవచ్చు. కొక్కేలు కూడా అంతర్జాతీయ ప్రమాణ ముద్ర ఉన్నవే కావాలి. కర్మాగారంలో చేతికందిన ఉక్కుతో కొక్కెం చేసుకోవచ్చన్న ఆలోచన ఇనుము పని తెలిసినవారికి కలగవచ్చు. పరీక్షించని లోహానికి ప్రాణం అప్పగించరాదని వారికి వేరే చెప్పనవసరం లేదు.

పొదుపు కూడని మరొకటి కాలం. సెలవులు తక్కువ ఉన్నాయని ఎత్తుకు అలవాటు పడే రోజులను కుదించినవారు, డబ్బు పెట్టాము కదా అని వాతావరణం చెడినా ముందుకు సాగినవారు మంచుకొండ చరిత్రలో కోకొల్లలు. శిక్షణ సంస్థల నీడలోనూ అపాయం పూర్తిగా తొలగదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా-2 శిఖరం సమీపంలో మంచుచరియ విరుచుకుపడి ఉత్తరకాశీ సంస్థకు చెందిన శిక్షణార్థులు, శిక్షకులు పాతికమందికి పైగా మరణించారు. తక్కువ ఖర్చు అంటే తక్కువ జాగ్రత్త అని ఎవరైనా భావిస్తే ఈ ఒక్క దినాన్ని తలచుకోవాలి.

మిగిలి ఉన్న మెట్టు

మన వ్యవస్థలో ఒక లోపం మిగిలి ఉన్నది. మొదటి మెట్టు సామాన్యునికి అందుతుంది, శిఖరం చేరినవారికి సన్మానమూ అందుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న సంవత్సరాలకే ఆసరా కరువు. ప్రాథమిక శిక్షణ ముగించి ఊరికి తిరిగివచ్చిన యువకునికి తాడు పట్టే తోడు ఉండదు, పనిముట్లు ఉండవు. రెండేళ్ళలో నేర్చిన విద్య మరుగున పడుతుంది. ఒక్క ఎవరెస్టు యాత్రకు అయ్యే ధనంతో ఎన్నో ఊళ్ళలో ఉమ్మడి పనిముట్ల నిలయాలు నెలకొల్పవచ్చు.

ఉక్కు పట్టణానికి ఇది అసాధ్యమూ కాదు. 1984 మే 23న ఎవరెస్టు చేరిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ నాయకత్వంలో అదే సంవత్సరం జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు సంస్థ సాహస క్రీడల కేంద్రాన్ని నెలకొల్పింది. రైలు ప్రమాదం తర్వాత ఒక కాలు కోల్పోయిన అరుణిమా సిన్హా ఆమె వద్దనే శిక్షణ పొంది 2013లో ఎవరెస్టు అధిరోహించింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ స్ఫూర్తికి కొరత లేదు. బస్తర్‌కు చెందిన నైనా సింగ్ ధాకడ్ 2021లో ఎవరెస్టు చేరింది. రైలు ప్రమాదంలో రెండు కాళ్ళూ కోల్పోయిన చిత్రసేన్ సాహు కృత్రిమ పాదాలతో 2019లో కిలిమంజారో ఎక్కాడు.

బీర్‌గావ్ కొలిమి పక్కన పెరిగే బిడ్డకు సిద్ధుని పసరు అక్కరలేదు. ఊరి పక్కన ఒక రాయి, నలుగురు పంచుకునే ఒక తాడు, ప్రజాధనంతో నడిచే ఒక బడి, దిగిరావడం నేర్పే ఒక గురువు ఉంటే చాలు. ప్రవరుని పాదలేపనం మంచుకు కరిగిపోయింది. ఈ నాలుగూ కరిగిపోకుండా కాపాడుకోవడం మన సమాజం బాధ్యత.